నల్లజాతి సినిమాకి ఆస్కార్ ఎక్కడ ఆగింది: ఓటరు జాబితా నుంచి వెనక్కి

1929 నుంచి 2025 మార్చి వరకు 97 ఆస్కార్ వేడుకలు జరిగాయి. అన్నీ కలిపి లెక్కేసినా ఉత్తమ దర్శకుడి విభాగంలో నామినేషన్ దాకా వచ్చిన నల్లజాతి దర్శకులు ఆరుగురే: జాన్ సింగిల్టన్ (1992), లీ డేనియల్స్ (2010), స్టీవ్ మెక్వీన్ (2014), బ్యారీ జెంకిన్స్ (2017), జోర్డన్ పీల్ (2018), స్పైక్ లీ (2019). ఈ ఆరుగురిలో ఎవరికీ ఆ అవార్డు దక్కలేదు. అందరూ మగవాళ్లే.

ఏటా జనవరిలో నామినేషన్లు బయటికి రాగానే ఈ అంకెల మీద గొడవ లేస్తుంది, వేడుక అయిపోగానే చల్లారుతుంది. గొడవంతా వేదికెక్కింది ఎవరు, ఎక్కనిది ఎవరు అన్న దాని చుట్టూనే. అసలు విషయం అంతకన్నా చాలా ముందే తేలిపోతుంది. సినిమాకి డబ్బు పెట్టేది ఎవరు, సెట్ మీద పని చెయ్యడానికి యూనియన్ కార్డు ఎవరికి ఉంది, సినిమా సరిగ్గా విడుదలయ్యిందా, దాని కాపీ ఓటర్ల చేతికి గడువులోగా చేరిందా, ఆ ఓటర్లు ఎవరు? ఈ వరసలో ఏ ఒక్కటి తెగినా సినిమా అక్కడే ఆగిపోతుంది. ఆస్కార్‌లో జాతి వివక్ష చరిత్రని ఈ వరసలోనే చదవాలి. చివరి మెట్టు ఓటు కాబట్టి అక్కడ మొదలుపెట్టి వెనక్కి వెళ్లడం మేలు.

ఆస్కార్లు ఇచ్చే అకాడమీ 1927లో 36 మందితో మొదలైన వృత్తి సంఘం. ప్రజలకి ఇక్కడ ఓటు లేదు, విమర్శకులకీ లేదు. సభ్యులు తమ వృత్తిని బట్టి బ్రాంచులుగా ఉంటారు: నటులు, దర్శకులు, రచయితలు, ఛాయాగ్రాహకులు, ఎడిటర్లు, ఇలా 2016 నాటికి 17 బ్రాంచులు. నామినేషన్ దశలో దర్శకుల పేర్లు దర్శకుల బ్రాంచే ఎంచుతుంది, నటుల పేర్లు నటుల బ్రాంచే ఎంచుతుంది. ఉత్తమ చిత్రానికి మాత్రం అందరూ నామినేట్ చేస్తారు. నామినేషన్లు తేలాక జరిగే చివరి ఓటింగులో సభ్యులందరికీ అన్ని విభాగాల్లో ఓటు ఉంటుంది.

నామినేషన్ లెక్కలో ఒక కిటుకు ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. ఓటరు అయిదు పేర్లని తన ఇష్టం కొద్దీ వరసగా రాస్తాడు. నెగ్గడానికి కావలసిన ఓట్లు ఎన్నంటే, వచ్చిన బ్యాలెట్లని ఆరుతో భాగించి, దానిపైన వచ్చే పూర్ణసంఖ్య. 400 బ్యాలెట్లు పడితే 67 ఓట్లు, 1,200 పడితే 201. మొదట లెక్కేసేది ప్రతి బ్యాలెట్‌లో ఒకటో స్థానంలో ఉన్న పేరునే. ఆ స్థానంలో ఒక్క ఓటూ రాని పేరు, మూడొందల మంది రెండో స్థానంలో రాసినా, లెక్కలోకే రాదు. తక్కువ ఓట్లు వచ్చిన పేరుని తీసేసి, ఆ బ్యాలెట్లని వాటిలోని తరవాతి పేరుకి బదిలీ చేస్తూ పోతారు. అంటే "సినిమా బాగానే ఉంది" అనుకునే వెయ్యి మంది కన్నా "ఈ ఏడాది ఇదే గొప్ప సినిమా" అని పట్టుబట్టే రెండొందల మంది విలువైనవాళ్లు. అలా పట్టుబట్టాలంటే ముందు ఆ సినిమా చూసి ఉండాలి. తమ బతుక్కి దూరంగా ఉన్న కథ అనుకుని సినిమాని పక్కన పెట్టేసే ఓటరు ఎవర్నీ ద్వేషించనక్కర్లేదు. ఫలితం మాత్రం అదే.

ఓటరు అయ్యే దారి రెండు రకాలు. ఆ ఏడు నామినేషన్ వస్తే పేరు దానంతటదే పరిశీలనకి వస్తుంది. లేకపోతే అదే బ్రాంచ్‌లోని ఇద్దరు సభ్యులు పూచీ ఉండాలి. బ్రాంచ్‌ని బట్టి ఇన్ని సినిమాలకి పనిచేసి ఉండాలన్న షరతు కూడా ఉంటుంది. 2016 దాకా ఒకసారి చేరితే ఓటు జీవితాంతం ఉండేది. స్టూడియో పని ఇవ్వకపోతే సినిమాలు లేవు, సినిమాలు లేకపోతే సభ్యత్వం లేదు, లోపల తెలిసినవాళ్లు లేకపోతే పూచీ లేదు. పని వదిలేసి ముప్ఫై ఏళ్లయిన వాళ్ల ఓటు మాత్రం అలాగే ఉంది. జాబితా తనని తానే కాపీ చేసుకుంటూ వచ్చింది.

ఆ జాబితా ఎలా ఉందో బయటివాళ్లకి 2012 దాకా తెలియదు. అకాడమీ సభ్యుల పేర్లు బయటపెట్టేది కాదు. లాస్ ఏంజెలిస్ టైమ్స్ విలేకరులు నెలల తరబడి తిరిగి, అప్పటి 5,765 మంది ఓటర్లలో 5,100 మందికి పైగా ఎవరెవరో నిర్ధారించుకున్నారు. 94 శాతం తెల్లవారు, 77 శాతం మగవారు. నల్లజాతి వారు సుమారు 2 శాతం, లాటినో మూలాల వారు అంతకన్నా తక్కువ. వయసు మధ్యగతం 62, యాభై లోపు వాళ్లు 14 శాతమే. ఈ అంశం మీద వెలువడిన కథనాల్లో ఇంతగా పనికొచ్చింది మరొకటి లేదని నా అభిప్రాయం. అప్పటిదాకా "అంతా తెల్లవాళ్లేనేమో" అన్న అనుమానమే ఉండేది. ఆ తరవాత దాని గురించి అంకెలతో మాట్లాడటం కుదిరింది.

ఇక మొదటికి వెళ్దాం. 1940 ఫిబ్రవరి 29న లాస్ ఏంజెలిస్‌లోని అంబాసిడర్ హోటల్ కోకోనట్ గ్రోవ్ హాల్లో 12వ వేడుక జరిగింది. 'గాన్ విత్ ద విండ్'లో దాసి పాత్రకి హ్యాటీ మెక్‌డేనియల్‌కి ఉత్తమ సహాయ నటి అవార్డు వచ్చింది. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే. ఆ హోటల్లోకి నల్లజాతి వారిని రానిచ్చేవారు కాదు. నిర్మాత సెల్జ్‌నిక్ ప్రత్యేకంగా అడిగితేనే ఆమెని అనుమతించారు. తన సినిమా బృందం కూర్చున్న బల్ల దగ్గర కాకుండా, గోడవారగా వేరే చిన్న బల్ల దగ్గర ఆమెకి చోటిచ్చారు. అంతకు రెండు నెలల ముందు, 1939 డిసెంబర్‌లో అట్లాంటాలో జరిగిన ప్రీమియర్‌కి ఆమె వెళ్లలేకపోయింది, జార్జియాలో అప్పుడు జాతివేర్పాటు చట్టాలు అమల్లో ఉన్నాయి. 1952లో చనిపోయే ముందు హాలీవుడ్ శ్మశానంలో తనని పాతిపెట్టమని కోరింది, అక్కడా ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో సహాయ పాత్రలకి విగ్రహం కాకుండా పలక ఇచ్చేవారు. దాన్ని ఆమె హోవర్డ్ యూనివర్సిటీకి రాసిచ్చింది, అది అక్కడ ఎప్పుడో కనిపించకుండా పోయింది. 2023 అక్టోబర్ 1న అకాడమీ దాని బదులు మరో పలక చేయించి యూనివర్సిటీకి అందజేసింది.

మెక్‌డేనియల్ గెలుపు గురించి చెప్పుకునేటప్పుడు మరుగున పడే సంగతి ఒకటుంది. అప్పటికి రెండు దశాబ్దాలుగా నల్లజాతి దర్శకులు సినిమాలు తీస్తూనే ఉన్నారు. ఆస్కర్ మిషో 1919లో తన మొదటి సినిమాకి స్టూడియో తలుపు తట్టలేదు. తన నవలలు కొనే పాఠకులకీ రైతులకీ వాటాలు అమ్మి పెట్టుబడి పోగుచేశాడు. తరవాతి మూడు దశాబ్దాల్లో నలభైకి పైగా సినిమాలు తీశాడు, ప్రింట్లు వెంటబెట్టుకుని ఊరూరా థియేటర్లకి తిరిగి అమ్ముకున్నాడు. వీటిని రేస్ ఫిల్మ్స్ అనేవారు. నల్లజాతి వారి థియేటర్లలో, తెల్లవారి థియేటర్లలో అయితే అర్ధరాత్రి ఆటలుగా పడేవి. ఈ సినిమాల్లో డాక్టర్లు, టీచర్లు, లాయర్లు, మోసగాళ్లు, ప్రేమికులు అందరూ నల్లజాతి వారే. అదే కాలంలో స్టూడియో సినిమాల్లో వాళ్లకి దొరికినవి వంటమనిషి, పనిమనిషి, రైలు కూలీ పాత్రలు. అకాడమీని కట్టింది స్టూడియోల చుట్టూ ఉన్న మనుషులు, వాళ్లు చూసుకున్నది స్టూడియో సినిమాలనే. మిషో సినిమాలు ఆ లెక్కలోకే రాలేదు. పరిశ్రమకి ఏ పాత్ర కావాలో దాన్ని బాగా చేసిన నటికి బహుమతి ఇచ్చింది. ఆమె ప్రతిభలో కొరత ఏమీ లేదు, ఉన్నదల్లా చెయ్యడానికి ఇచ్చిన పాత్రల్లోనే.

ఆ తరవాతి యాభై ఏళ్లు త్వరగా చెప్పొచ్చు, ఎందుకంటే జరిగింది తక్కువ. డొరొతీ డాండ్రిడ్జ్ 1955లో ఉత్తమ నటి విభాగానికి నామినేట్ అయిన మొదటి నల్లజాతి నటి. సిడ్నీ పోయిటియర్ 1964 ఏప్రిల్‌లో ఉత్తమ నటుడయ్యాడు. 1973లో ఒకే ఏడాది ముగ్గురు నటులకి, ఇద్దరు రచయితలకి నామినేషన్లు వచ్చాయి, గెలుపు ఎవరికీ రాలేదు. 1983లో లూయిస్ గాసెట్ జూనియర్ ఉత్తమ సహాయ నటుడు. 1986లో 'ద కలర్ పర్పుల్'కి 11 నామినేషన్లు వచ్చాయి, ఒక్క అవార్డూ రాలేదు. 1988లో ఉత్తమ చిత్రం ప్రకటించడానికి వేదికెక్కిన ఎడ్డీ మర్ఫీ ఈ లెక్కని సూటిగా సభలోనే ఎత్తాడు: అరవై వేడుకల్లో నటనకి అవార్డు అందుకున్న నల్లజాతి వారు అప్పటికి ముగ్గురే.

నటుల పేర్లు అయినా వినబడ్డాయి. కెమెరా వెనక పని మాటేమిటి? అక్కడ అడ్డుగోడ యూనియన్ జాబితా. హాలీవుడ్‌లో లైట్‌మన్, కెమెరా అసిస్టెంట్, ఎడిటర్, మేకప్‌మన్ ఎవరైనా అనుభవ జాబితాలో ఉండాలి. స్టూడియో ముందు పెద్ద వరసలో ఉన్నవాళ్లకి పని ఇచ్చాకే కిందివాళ్లని పిలవాలి. జాబితాలో చేరాలంటే ఇన్ని రోజుల పని చూపించాలి. పని దొరకాలంటే జాబితాలో ఉండాలి. జాబితా తయారైన రోజుల్లో అందరూ తెల్లవారే, ఆ తరవాత కొడుకులు, అల్లుళ్లు, తమ్ముళ్లు వచ్చి చేరారు. అమెరికా సమాన ఉపాధి అవకాశాల కమిషన్ 1969 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లో విచారణ జరిపి, స్టూడియోల్లోనూ యూనియన్లలోనూ ఈ వివక్ష పాతుకుపోయి ఉందని తేల్చింది. 1970లో న్యాయశాఖతో స్టూడియోలు, యూనియన్లు ఒప్పందం చేసుకున్నాయి, మైనారిటీలకి విడిగా కార్మిక జాబితా పెట్టారు. కొన్నేళ్లకే దాని గడువు తీరిపోయింది. ఒక సాంకేతిక నిపుణుడు అసిస్టెంటుగా చేరి విభాగాధిపతి కావడానికి పదిహేనేళ్లు పడుతుంది. ఆ పదిహేనేళ్లు పూర్తి కాకముందే దారి మూసుకుపోయింది. ఎడిటింగ్ విభాగంలో నామినేట్ అయిన మొదటి నల్లజాతి మహిళ జోయి మెక్‌మిలన్ కనిపించింది 2017లో. మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఛాయాగ్రాహకుడు బ్రాడ్‌ఫర్డ్ యంగ్ నామినేషన్ కూడా ఆ ఏడాదే. 1969 నాటి ఆ జాబితాని గుర్తు పెట్టుకుంటే ఈ తేదీలు ఇంత ఆలస్యంగా ఉండటం అంత వింతగా అనిపించదు.

అదే కాలంలో లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీ ఫిల్మ్ స్కూల్లో కొంతమంది నల్లజాతి విద్యార్థులు స్టూడియోల వైపు చూడకుండా సొంత సినిమా మొదలుపెట్టారు. వాళ్లలో చార్ల్స్ బర్నెట్ తీసిన 'కిల్లర్ ఆఫ్ షీప్' కథ దగ్గరగా చూడదగ్గది. పదివేల డాలర్ల లోపు ఖర్చుతో, వారాంతాల్లో, చాలావరకు వృత్తి నటులు కాని వాళ్లతో, లాస్ ఏంజెలిస్‌లోని వాట్స్ పేటలో తీశాడు. కథానాయకుడు కబేళాలో కూలీ. 1970ల చివరలో పూర్తయింది. చిత్రోత్సవాల్లో, కాలేజీల్లో, మ్యూజియాల్లో చూసినవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. థియేటర్లకి మాత్రం రాలేదు. కారణం నేపథ్యంలో వాడిన పాటలు. పాల్ రోబ్సన్, డైనా వాషింగ్టన్, ఎర్త్ విండ్ అండ్ ఫైర్, ఇలా నల్లజాతి సంగీతం అంతా అందులో ఉంది, ఒక్క పాటకీ వాణిజ్య హక్కులు తీసుకోలేదు. విద్యార్థి సినిమాకి ఆ అవసరం ఉంటుందని ఎవరూ అనుకోరు. హక్కులు కొనడానికి సినిమా ఖర్చు కన్నా ఎన్నో రెట్లు, సుమారు లక్షా యాభై వేల డాలర్లు, కావలసి వచ్చింది. ఆ డబ్బు సమకూరి థియేటర్లో పడేసరికి 2007 వచ్చింది. ఆస్కార్ పోటీకి అర్హత రావాలంటే టికెట్టు పెట్టి థియేటర్లో వారం రోజులు ఆడాలి. కాబట్టి ఆ తరంలోని గొప్ప అమెరికన్ సినిమాల్లో ఒకటి బ్యాలెట్ దాకా చేరనేలేదు. బర్నెట్‌కి 2017లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఇలాంటి గౌరవ పురస్కారాలు పరిశ్రమ ఆలస్యంగా చెల్లించే బాకీలు. ఇవ్వడం మంచిదే, కానీ ఒక దర్శకుడికి తరవాతి సినిమాకి పెట్టుబడి దొరకవలసిన వయసులో అవి రావు.

1990లో స్పైక్ లీ 'డూ ద రైట్ థింగ్'కి స్క్రీన్‌ప్లే, సహాయ నటుడు విభాగాల్లో మాత్రమే నామినేషన్లు దక్కాయి, ఉత్తమ చిత్రం జాబితాలో చోటే లేదు. ఆ ఏడు ఉత్తమ చిత్రం 'డ్రైవింగ్ మిస్ డైసీ', తెల్లజాతి యజమానురాలికీ ఆమె నల్లజాతి డ్రైవరుకీ మధ్య స్నేహం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అప్పటి ఓటరు మనసుకి ఏ కథ హాయిగా ఉండేదో తెలుస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ల తరవాత, 2019లో, అదే స్పైక్ లీ 'బ్లాక్‌క్లాన్స్‌మన్'తో పోటీలో ఉండగా, మళ్లీ ఒక డ్రైవరు కథ 'గ్రీన్ బుక్' ఉత్తమ చిత్రమైంది. ఈసారి డ్రైవరు తెల్లవాడు. స్పైక్ లీకి ఆ రాత్రి స్క్రీన్‌ప్లే అవార్డు వచ్చింది, పోటీలో ఆయన గెలిచిన మొదటి ఆస్కార్ అది.

1996లో పీపుల్ పత్రిక ముఖచిత్ర కథనం వేసింది: 166 మంది నామినీల్లో నల్లజాతి వ్యక్తి ఒక్కరే, లఘుచిత్ర దర్శకురాలు డయాన్ హ్యూస్టన్. పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ నిరసనకి పిలుపిచ్చాడు. అప్పుడే ఒక చిక్కు వచ్చిపడింది. ఆ ఏడు వేడుక నిర్మాత క్విన్సీ జోన్స్, వ్యాఖ్యాత వూపీ గోల్డ్‌బర్గ్, ఇద్దరూ నల్లజాతి వారే. వేదిక నిండా మనవాళ్లే కదా, నిరసన దేనికన్న ప్రశ్న నిరసనని నీరుగార్చింది. వేదిక మీద ఎవరున్నారన్నదీ బ్యాలెట్ ఎవరి చేతిలో ఉందన్నదీ వేరు వేరు సంగతులని చెప్పడానికి అప్పట్లో అంకెలు లేవు. 2002 మార్చి 24న హాలీ బెర్రీ, డెంజెల్ వాషింగ్టన్ ఇద్దరూ ఉత్తమ నటి, ఉత్తమ నటుడు కావడంతో సమస్య తీరిపోయిందని చాలామంది రాశారు. 2025 దాకా ఉత్తమ నటి విభాగంలో మరో నల్లజాతి మహిళ గెలవలేదు.

2014లో '12 ఇయర్స్ ఎ స్లేవ్' ఉత్తమ చిత్రమైంది. నిర్మాతగా స్టీవ్ మెక్వీన్ ఆ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి. అప్పటికి అకాడమీ అధ్యక్షురాలు కూడా నల్లజాతి మహిళే, షెరిల్ బూన్ ఐజాక్స్. మరుసటి ఏడాది, 2015 జనవరి 15న, నటన విభాగాల్లో ఇరవై నామినేషన్లూ తెల్లవారికే వెళ్లాయి. మాజీ న్యాయవాది ఏప్రిల్ రెయిన్ ఆ రోజే ట్విటర్‌లో ఆస్కార్స్ సో వైట్ హ్యాష్‌ట్యాగ్ మొదలుపెట్టారు.

ఆ ఏడాది ఎక్కువ చర్చ జరిగింది ఏవా డువర్నే తీసిన 'సెల్మా' గురించి. ఉత్తమ చిత్రం, పాట తప్ప మరే విభాగంలోనూ నామినేషన్ రాలేదు. పక్షపాతం ఉందా అంటే ఉంది, కానీ పని ఎక్కడ చెడిందో కూడా చూడాలి. సినిమా పూర్తయ్యేసరికే నవంబర్ చివరికి వచ్చింది. ఆ రోజుల్లో ఓటర్లకి డీవీడీలు పోస్టులో వెళ్లేవి, ప్రతి డిస్కు మీద ఆ ఓటరుకి మాత్రమే చెందిన రహస్య గుర్తు వేయించాలి, దానికి రోజులు పడుతుంది. అకాడమీ సభ్యులకి డిసెంబర్‌లో ఆలస్యంగా పంపారు, దర్శకుల, నిర్మాతల, నటుల గిల్డులకి (సొంత అవార్డులు ఇచ్చే వృత్తి సంఘాలకి) అసలు పంపలేదు. గిల్డుల నామినేషన్లు ముందే వస్తాయి, అకాడమీ ఓటరు వాటిని చూసే ఏ డిస్కు ముందు పెట్టాలో తేల్చుకుంటాడు. అకాడమీ నామినేషన్ ఓటింగ్ డిసెంబర్ 29న మొదలై జనవరి 8న ముగిసింది. పండగ సెలవుల్లో, గిల్డుల్లో ఎక్కడా వినబడని సినిమాని దర్శకుల బ్రాంచ్‌లో ఎంతమంది ఒకటో స్థానంలో రాస్తారు? పెద్ద సినిమాలకి కూడా ఇలాంటి ఆలస్యాలు జరుగుతాయి. కాకపోతే బ్రాంచ్‌లో తమవాళ్లు వందల్లో ఉన్న దర్శకుడి సినిమా, డిస్కు ఆలస్యమైనా, నోటిమాట మీద నడిచిపోతుంది. డువర్నేకి ఆ వెసులుబాటు లేదు.

2016లోనూ ఇరవైకి ఇరవై తెల్లవారే. 'క్రీడ్'కి వచ్చిన ఏకైక నామినేషన్ సిల్వెస్టర్ స్టాలోన్‌ది, 'స్ట్రెయిట్ ఔటా కాంప్టన్'కి వచ్చింది తెల్లజాతి రచయితలకి. జనవరి 18న స్పైక్ లీ, జేడా పింకెట్ స్మిత్ వేడుకకి రామని చెప్పారు. నాలుగు రోజులకి, జనవరి 22న, గవర్నర్లు ఏకగ్రీవంగా నియమాలు మార్చినట్టు అకాడమీ ప్రకటించింది. ఓటు హక్కు ఇక పదేళ్లకి ఒకసారి సమీక్షకి వస్తుంది. ఆ పదేళ్లలో సినిమా రంగంలో పనిచేసి ఉంటే కొనసాగుతుంది. అలా మూడు పదేళ్లు గడిపినవారికీ, ఎప్పుడైనా ఆస్కార్ నామినేషన్ వచ్చినవారికీ జీవితాంతం ఉంటుంది. మిగిలినవాళ్లు ఎమెరిటస్ సభ్యులవుతారు, సినిమాలు చూడొచ్చు, చందా కట్టక్కర్లేదు, ఓటు మాత్రం ఉండదు. 51 మంది ఉన్న గవర్నర్ల బోర్డులో మూడు కొత్త సీట్లు పెట్టారు. స్త్రీల సంఖ్యనీ, తక్కువ ప్రాతినిధ్యం ఉన్న జాతుల సభ్యుల సంఖ్యనీ 2020 కల్లా రెట్టింపు చేస్తామన్నారు.

వయసు మళ్లిన సభ్యులకి కోపం వచ్చింది. మమ్మల్ని జాతివివక్ష చూపినవాళ్ల కింద జమకడతారా అని పత్రికలకి ఉత్తరాలు రాశారు. ఆ బాధలో నిజం లేకపోలేదు, జీవితమంతా సినిమాకి ఇచ్చిన మనిషికి ఓటు పోవడం చిన్న విషయం కాదు. అయినా ఈ మార్పు సరైనదే. గొడవ సద్దుమణిగేదాకా ఆగకుండా నేరుగా జాబితా మీదే చెయ్యి వేసింది.

ఆహ్వానాలు 2016లో 683, 2017లో 774, 2018లో 928, 2019లో 842, 2020లో 819. అంతకుముందు ఏటా వెళ్లినవి వీటికన్నా చాలా తక్కువ. 2015తో పోలిస్తే 2020కి స్త్రీలు 1,446 నుంచి 3,179కి, తక్కువ ప్రాతినిధ్యం ఉన్న జాతుల వారు 554 నుంచి 1,787కి చేరారు. అమెరికా బయట ఉన్న సభ్యులు 747 నుంచి 2,107కి పెరిగారు. ఫలితం కళ్లకి కనిపించేదే. 2017లో 'మూన్‌లైట్' ఉత్తమ చిత్రం. 2018లో ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి జోర్డన్ పీల్, ఆ విభాగంలో గెలిచిన మొదటి నల్లజాతి రచయిత. 2019లో 'బ్లాక్ పాంథర్'కి దుస్తుల విభాగంలో రూత్ కార్టర్, ప్రొడక్షన్ డిజైన్‌లో హానా బీచ్లర్, ఇద్దరూ తమ విభాగాల్లో మొదటివారు. 2025లో పాల్ టాజ్‌వెల్ దుస్తుల విభాగంలో గెలిచిన మొదటి నల్లజాతి పురుషుడు.

సాంకేతిక విభాగాల గెలుపుల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తెర మీద నల్లజాతి మనిషి ఎలా కనబడతాడన్నది వాళ్ల చేతుల్లోనే ఉంది. లైట్ మీటర్ లెక్క 18 శాతం కాంతిని తిప్పికొట్టే నడిమి బూడిద రంగు మీద నడుస్తుంది. ముదురు చర్మం అంతకన్నా తక్కువ కాంతిని తిప్పికొడుతుంది. ఒకే ఫ్రేములో తెల్ల ముఖానికి మీటర్ పెట్టి లైటు కడితే పక్కనున్న నల్ల ముఖం నీడలో మునిగి కళ్లు, పళ్లే మిగులుతాయి. దశాబ్దాల పాటు ల్యాబుల్లో రంగు సరిచూసుకునే నమూనా బొమ్మ కూడా తెల్లజాతి స్త్రీదే. దీనికి విరుగుడు ఎక్కువ లైటు పొయ్యడం కాదు. వెడల్పాటి మెత్తని వెలుగుని పక్కనుంచి పెట్టి, అది చర్మం మీద మెరుపుగా తిరిగొచ్చేలా చెయ్యడం. 'మూన్‌లైట్'కి పౌడరు అద్ది మెరుపు చంపకుండా, ముఖాలకి నూనె తడి ఉంచి తీశారు. జుట్టు సంగతీ అంతే. బిగుతుగా రింగులు తిరిగే జుట్టుని దువ్వడం, అల్లడం, విగ్గు కింద సర్దడం విడి విద్య. యూనియన్ జాబితాలో అది తెలిసినవాళ్లు లేక ఎంతోమంది నల్లజాతి నటీమణులు ఇంట్లోనే జుట్టు సర్దుకుని, సొంత మేకప్ పెట్టెతో సెట్‌కి వచ్చేవారు. 2021లో 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్'కి మేకప్, కేశాలంకరణ విభాగంలో మియా నీల్, జమీకా విల్సన్ గెలిచారు, ఆ విభాగంలో మొదటి నల్లజాతి మహిళలు. 1920ల నాటి గాయని పాత్ర కోసం నీల్ గుర్రపు వెంట్రుకలతో విగ్గు కట్టింది.

2020 సెప్టెంబర్‌లో అకాడమీ ఉత్తమ చిత్రానికి ప్రాతినిధ్య ప్రమాణాలు ప్రకటించింది. 2022, 2023 వేడుకలకి ఫారం నింపితే చాలు, 2024 నుంచి అర్హతకి తప్పనిసరి. ప్రమాణాలు నాలుగు, రెండు నెగ్గాలి. మొదటిది తెర మీద: ముఖ్య పాత్రల్లో ఒకరైనా తక్కువ ప్రాతినిధ్యం ఉన్న జాతికి చెందాలి, లేదా చిన్న పాత్రల్లో 30 శాతం అలాంటి రెండు వర్గాల నుంచైనా ఉండాలి, లేదా కథ అలాంటి వర్గం గురించే ఉండాలి. రెండోది తెర వెనక: విభాగాధిపతుల్లో కనీసం ఇద్దరు ఆ వర్గాల వారు, అందులో ఒకరు జాతి పరంగా, లేదా ఇతర సిబ్బందిలో ఆరుగురు ఆ జాతుల వారు, లేదా మొత్తం సిబ్బందిలో 30 శాతం ఆ వర్గాల వారు. మూడోది నిర్మాణ, పంపిణీ సంస్థల్లో జీతమిచ్చే శిక్షణ అవకాశాలు. నాలుగోది ప్రచారం, పంపిణీ శాఖల్లో పెద్ద ఉద్యోగులు. వర్గాల్లో స్త్రీలు, జాతి మైనారిటీలు, ఎల్జీబీటీక్యూ వారు, వికలాంగులు అందరూ ఉన్నారు.

సినిమా గొంతు నొక్కేస్తున్నారని కొందరు దీన్ని తిట్టారు. వాళ్లు నియమం చదవలేదు. మూడు, నాలుగు ప్రమాణాలు పెద్ద స్టూడియో ఆఫీసులో ఏడాదికోసారి తీరిపోతాయి. సినిమాలో ఒక్క మనిషినీ మార్చకుండా ఆ రెంటితో అర్హత దొరుకుతుంది. పైగా ఇవి ఉత్తమ చిత్రానికి తప్ప దర్శకుడు, నటుడు, రచయిత విభాగాలకి వర్తించవు. దీని లోపం మెతకదనమే. శిక్షణ పెట్టమనడం మాత్రం మంచి పని, 1970 ఒప్పందం మధ్యలో వదిలేసింది సరిగ్గా దాన్నే.

ఇతర చోట్ల దారులు వేరు. బ్రిటన్‌లో 2020 బాఫ్టా సినిమా అవార్డుల నటన నామినేషన్లన్నీ తెల్లవారికే పోయాక, పెద్ద వడపోత జాబితాలు, కొన్ని విభాగాల్లో జ్యూరీలు పెట్టారు. 2021లో 24 మంది నటన నామినీల్లో 16 మంది తెల్లవారు కానివారు. ఇంత తొందరగా ఫలితం రావడానికి కారణం సభ్యుల ఓటుని పూర్తిగా నమ్ముకోకపోవడమే. గోల్డెన్ గ్లోబ్స్ ఇచ్చే విలేకరుల సంఘంలో 87 మంది సభ్యుల్లో నల్లజాతి వారు ఒక్కరూ లేరని 2021 ఫిబ్రవరిలో బయటపడింది. 2022 వేడుకని ఎన్‌బీసీ టీవీ ప్రసారం చెయ్యలేదు, 2023లో ఆ సంఘాన్నే రద్దు చేశారు.

తెలుగువారికి ఈ చరిత్రతో నేరుగా ఒక ముడి ఉంది. 'ఆర్ఆర్ఆర్' భారత అధికారిక ఎంట్రీ కాదు. అమెరికా పంపిణీదారు దాన్ని మామూలు విభాగాల్లోనే పోటీకి పెట్టాడు. అందులోని 'నాటు నాటు' పాటకి మొదట 15 పాటల వడపోత జాబితా, తరవాత సంగీత బ్రాంచ్ ఎంచిన అయిదింట్లో చోటు, 2023 మార్చి 12న అవార్డు. ఆ జూన్‌లో 398 మందికి ఆహ్వానాలు వెళితే వాటిలో కీరవాణి, చంద్రబోస్, ఎన్టీఆర్, రామ్‌చరణ్, ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్, కళా దర్శకుడు సాబు సిరిల్ ఉన్నారు. 2024లో రాజమౌళి, రమా రాజమౌళి, నృత్య దర్శకుడు ప్రేమ్‌రక్షిత్. హైదరాబాద్‌లో పనిచేసే నిపుణులు దర్శకుల, దుస్తుల, ఛాయాగ్రహణ బ్రాంచులకి పిలుపు అందుకోవడం పాత జాబితా రోజుల్లో ఊహకి అందేది కాదు. తలుపులు ఇంత వెడల్పుగా తెరిపించింది 2015, 2016లలో అమెరికాలో నల్లజాతి సినిమావాళ్లు చేసిన గొడవ. ఆ మాట మన దగ్గర ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు, చెప్పుకోవాలి.

డీవీడీల కాలం 2021తో పోయింది, ఇప్పుడు సభ్యులు అకాడమీ స్ట్రీమింగ్ వేదికలో సినిమాలు చూస్తారు. 2025 ఏప్రిల్‌లో మరో నియమం వచ్చింది: ఒక విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసినవారే ఆ విభాగంలో చివరి ఓటు వెయ్యాలి. వేదికలో చూస్తే అదే నమోదవుతుంది, థియేటర్లోనో చిత్రోత్సవంలోనో చూసి ఉంటే ఎక్కడ, ఎప్పుడు చూశారో ఫారంలో రాయాలి. ఈ షరతు చివరి దశకే. నామినేషన్ దశలో అంత కట్టుదిట్టం లేదు, వందల సినిమాల్లో ఏది ముందు తెరవాలన్నది ఇంకా ఓటరు ఇష్టమే. దర్శకుల బ్రాంచ్‌లో ఆ ఒకటో స్థానం ఓట్లు పడవలసింది కూడా ఆ దశలోనే.